రోడ్డు రేడియోతో మా తాత తగువు

మా తాత వెర్లిన్‌కి ఉన్నది ఒకటే పిచ్చి: రోడ్డు రేడియోతో పోట్లాడటం.

టామరాక్ కనుమ దారిలో పోయే బండ్లకి వినపడేలా సర్కారువారు పెట్టిన చిన్న రేడియో స్టేషన్ అది. పాటల్లేవు, కబుర్లు లేవు. ముందు మంచుందా, రాళ్లు పడ్డాయా, అది చెప్పడమే దాని పని. అదీ పోయిన వారం సంగతి ఈ వారం చెప్తుంది. కొత్త కబురు ఎక్కిస్తే యంత్రం దాన్ని మింగేసి పాతదే కక్కుతుంది. తాత నలభై ఏళ్లు ఆ కనుమ మీద మంచు తోసే బండి నడిపిన మనిషి. ఊరుకుంటాడా? రోజూ తెల్లారగానే పికప్ వేసుకుని కనుమెక్కి, రేడియో విని, దారి కళ్లారా చూసి, అక్కణ్నుంచే రోడ్ల ఆఫీసులో ఆ కబుర్లెక్కించే జోలీన్‌కి ఫోన్.

"ఏమ్మా జోలీన్! దారి మూసేశారంటోంది మీ రేడియో. ఆ మూసేసిన దారి మధ్యలో నించునే మాట్లాడుతున్నా!"

"మారుస్తున్నా బాబాయ్, అరవకు."

"అరవకపోతే నీకు వినపడదు. అరిచినా నీ రేడియోకి వినపడదు!"

"నన్ను ఇన్ని మాటలంటే ఎప్పుడో వదిలేసి పోయేదాన్ని," అనేది నాన్నమ్మ ఆర్డిత్.

పోయిన జులైలో తాత పంటి నొప్పితో రెండు రోజులు మంచం దిగలేదు. ఆ రెండు రోజులూ రేడియో "భారీ మంచు, జారకుండా చక్రాలకి చైన్లు తప్పనిసరి" అని పాడింది. ఒహాయో నుంచి వచ్చిన అమాయకుడెవరో నమ్మి, మండుటెండలో చైన్లు బిగించి, టైర్లు చీల్చుకుని, కాగితం మీద ఫిర్యాదు రాశాడు.

మర్నాడే ఆఫీసు పెద్ద హాస్కెట్ మా వరండాలో దిగాడు.

"ఇలాంటి ఫిర్యాదు ఇంకొకటి పడితే జోలీన్‌ని ఇంటికి పంపేస్తాను. రేడియో తప్పులు ఎవరికి తెలుసని ఎవర్నడిగినా మీ పేరే చెప్పారు. ఈ ఫిర్యాదు కాగితం మీద సంతకం పెట్టండి పెద్దాయనా."

మేమంతా పెన్ను కోసం పరిగెత్తాం. తాతకిది పండగ కదా!

తాత కాగితం చదివి తిరిగిచ్చేశాడు. "రేడియో తప్పేం చెప్పలేదు."

నాన్నమ్మ చేతిలో గిన్నె జారిపోయింది. "ఏమన్నావూ?"

"మంచుందంది. ఉంది."

హాస్కెట్ చెమట తుడుచుకున్నాడు. "ఇవాళ జులై పదకొండండీ!"

"కనుమ మీద ఎప్పుడేం పడుతుందో ఆఫీసులో కూర్చునేవాళ్లకేం తెలుస్తుంది బాబూ?"

అంటూనే షెడ్డులోంచి చైన్లు తెచ్చి, పికప్ చక్రాలకి బిగించి, ఊరి మధ్య నుంచి గలగలమంటూ కనుమ వైపు పోయాడు. హాస్కెట్ తెరిచిన నోరు మూయకుండానే వెంట తెచ్చిన ఫిర్యాదుల ఫైలు తిరగేశాడు. రేడియో పెట్టిన పదకొండేళ్లలో వెర్లిన్ పేరిట ఒక్క ఫిర్యాదూ లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. జోలీన్ ఉద్యోగం నిలిచింది.

సాయంత్రం నాన్నమ్మ నిలదీసింది. "ఇన్నేళ్లూ ఆ పిల్ల మీద అరిచావు. ఒక్క ముక్క రాసి పంపలేదేమయ్యా?"

"హాస్కెట్ ఎనిమిదింటికి వస్తాడు. ఆరున్నరకి అరిస్తే, ఆయన వచ్చేలోపు ఆ పిల్ల సరిచేసుకుంటుంది. రాస్తే ఏముంది, ఆయన చదువుతాడు."

"సరే, చైన్లెందుకు కట్టావు?"

"ఒక్కడు కడితే పిచ్చాడంటారు ఆర్డిత్. ఇద్దరు కడితే, నిజంగానే మంచు పడిందేమో అంటారు."