జగన్నాథరావు గొంతు పోయిన రోజు

అశోక్‌నగర్‌లో జగన్నాథరావు ప్లీడరుగారి ఇల్లు ఎక్కడని ఎవరినీ అడగక్కరలేదనేవారు. సాయంత్రం వీధి మొదట్లో నుంచుంటే చాలు, ఆయన గొంతే దారి చూపించేది. కంచు గొంతు. హైకోర్టు గుంటూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చినప్పుడు దాని వెనకే ఆయనా పెట్టే బేడా సర్దుకుని వచ్చేశాడు. హైకోర్టులో పెద్దవాళ్ళ మధ్య చోటు దొరకలేదు గానీ, కింది కోర్టుల్లో బాగానే నిలదొక్కుకున్నాడు. అద్దె ఇళ్ళ తగాదాలూ గోడల తగాదాలూ ఆయనకు కూడు పెట్టాయి. సాక్షిని బోనులో నిలబెట్టి ఉతికి ఆరేస్తాడని పేరు.

ఇన్ని గుణాలున్న మనిషికి ఒకటే లోపం. ఎదుటివాడు మాట పూర్తి చేసేదాకా ఆగలేడు. కక్షిదారు రెండు ముక్కలు చెప్పగానే "అదే, అదే" అని అందుకుని మిగిలిన కథ తనే చెప్పేసేవాడు. వచ్చినవాళ్ళకు అది బాగానే ఉండేది. తమ కష్టం ప్లీడరుగారికి ముందే తెలిసినట్టుంటే ఎవరికి మాత్రం ధైర్యం రాదు? ఆయన భార్య కుసుమకే నచ్చేది కాదు. కాఫీ గ్లాసులు పట్టుకొచ్చినప్పుడల్లా ఆ వరస చూసి, జనం వెళ్ళాక అడిగేది.

"వాళ్ళు కేసు చెప్పుకోవడానికి వస్తున్నారా, మీరు చెప్తే వినిపోవడానికి వస్తున్నారా?"

ఆయన దాన్ని మెచ్చుకోలు కిందే జమకట్టుకున్నాడు.

అలాంటి రోజుల్లో అరవైతొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ గొడవలు వచ్చాయి. బళ్ళు మూతపడ్డాయి, బస్సులు ఏ రోజు తిరుగుతాయో ఏ రోజు తిరగవో తెలియకుండా పోయింది. ఒక రోజు జగన్నాథరావు పెరట్లోనే రాయి పడి కుసుమ పెంచుకున్న గులాబీ కుండీ పగిలింది. పోయింది కుండీయే, కానీ ఆయనకు పెద్ద దెబ్బే తగిలింది. ఇన్నేళ్ళు ఇక్కడ నీళ్ళు తాగి, ఇక్కడివాళ్ళ కేసులు వాదించి, ఇంకా బయటివాడినేనా అని మనసు కష్టపెట్టుకున్నాడు. ఇక్కడివాళ్ళకూ చెప్పుకోవలసిన అన్యాయాలున్నాయని ఆయనకు తెలియక కాదు. తెలిసినంత మాత్రాన కోపం పోతుందా? ఎవరి మీద చూపించాలో తెలియక దాన్ని కడుపులో పెట్టుకు తిరుగుతున్నాడు.

సరిగ్గా అప్పుడే జోగారావు వచ్చాడు. తణుకు దగ్గరి మనిషి, గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా. చిక్కడపల్లిలో విద్యావతిగారని ఒక పెద్దావిడ ఇంట్లో రెండు గదులు అద్దెకు తీసుకుని, భార్య సుబ్బులుతో, ఇద్దరు పిల్లలతో కాపురముంటున్నాడు. విద్యావతిగారి భర్త లెక్కల మాస్టారు, పోయి కొన్నేళ్ళయింది. ఆవిడ ఉన్నట్టుండి ఇల్లు ఖాళీ చెయ్యమంది. చెయ్యకపోయేసరికి కోర్టుకెక్కింది. తమ్ముడు వచ్చి ఉంటాడు, ఇల్లు మా సొంతానికి కావాలి అని పిటిషను. ఆ నెలల్లో ఆంధ్రావాళ్ళకు ఇల్లిచ్చేవాళ్ళు లేరు. నల్లకుంట నుంచి గాంధీనగర్ దాకా తిరిగాడు. 'టు లెట్' బోర్డు గోడకు వేలాడుతూనే ఉంటుంది, తలుపు తట్టి నోరు విప్పితే మాత్రం నిన్ననే ఇచ్చేశామంటారు. ఈ కేసు ఓడిపోతే పిల్లల్ని పట్టుకుని నడివీధిలో నిలబడాలి.

"తమ్ముడనేది వట్టి సాకండీ," అన్నాడు జోగారావు. "ఆ గొడవల్లో ఒకనాడు దీపాలు పెట్టే వేళ కుర్రాళ్ళు గుంపుగా వచ్చారు. మేం లైట్లార్పేసి, పిల్లల నోళ్ళు మూసి లోపల కూర్చున్నాం. ఆవిడ గేటు దగ్గర నుంచుని వాళ్ళతో చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడిందో మాకు వినపళ్ళేదు. తరవాత..."

"అదే, అదే," అన్నాడు జగన్నాథరావు. "కుమ్మక్కు. వాళ్ళను ఉసిగొల్పి భయపెట్టించింది. మీరు బెదరకపోయేసరికి కోర్టుకొచ్చింది. నాకు తెలియదూ?"

జోగారావు ఒక్క క్షణం ఆగాడు. ఇంకా ఏదో అనబోయి, అంత పెద్ద ప్లీడరు అంత గట్టిగా చెప్తుంటే నిజమే కాబోలనుకుని తల ఊపాడు. ఆ రాత్రే జగన్నాథరావు పిటిషనుకు జవాబుగా కౌంటరు రాశాడు. పిటిషనరు అల్లరిమూకలతో చేతులు కలిపి, అద్దెకున్నవాళ్ళ ప్రాణాలకు ముప్పు తెచ్చిందని ఒక పేరా నిండా దంచేశాడు. రాస్తున్నంతసేపూ ఆయన కళ్ళముందు ఉన్నది జోగారావు చెప్పిన గేటు కాదు, తన పెరట్లో పగిలిన కుండీ.

బందులూ సెలవులూ కలిసి కేసు వాయిదాల మీద వాయిదాలు పడి చలికాలంలోకి వచ్చింది. తీరా విచారణ రేపనగా జగన్నాథరావుకు గొంతు పట్టేసింది. నారాయణగూడ డాక్టరు నోరు తెరిపించి చూసి, కొన్నాళ్ళు మాట్లాడకుండా ఉండమన్నాడు. ప్లీడరుకు చెప్పవలసిన మాటేనా అది? కుసుమ మిరియాల కషాయం కాచి గంటగంటకీ పోసింది. తెల్లారి లేచి చూసుకుంటే గొంతులోంచి గాలి తప్ప మాట రావడం లేదు. కోర్టులో వాయిదా కోసం దణ్ణం పెట్టాడు. ఇప్పటికే చాలా ఇచ్చాం, కానివ్వండి అన్నాడు అద్దె కేసులు విచారించే రెంట్ కంట్రోలరు.

విద్యావతిగారు బోనెక్కింది. తెల్లటి నేతచీర, నిండా కప్పుకున్న కొంగు. ప్రమాణం చేయిస్తుంటే ఆవిడ మాట తడబడింది. నిజమే చెబుతాను అనే చోట ఆగిపోతే కోర్టు గుమాస్తా మళ్ళీ చెప్పించాడు. ఆవిడ తరఫు వకీలు ప్రహ్లాద్ చకచకా నాలుగు ప్రశ్నలడిగాడు. తమ్ముడున్నాడు, జనగామలో ఉంటాడు, వస్తాడు, ఇల్లు కావాలి. అయిపోయింది.

జగన్నాథరావు లేచాడు. చేతిలో ప్రశ్నల కాయితం ఉంది. ఒక్కో ప్రశ్నా నాలుగైదు వాక్యాల పొడుగు, చివరికొచ్చేసరికి సాక్షికి ఊపిరాడకూడదని రాసుకున్నవి. మొదటిది మొదలుపెట్టాడు. సగంలోనే దగ్గు ముంచుకొచ్చింది. కాయితం బల్లమీద పెట్టేశాడు.

"మీ తమ్ముడు ఎప్పుడొస్తాడు?" అన్నాడు, గుసగుసగా.

"వస్తడు," అందావిడ.

మామూలప్పుడైతే ఎప్పుడు, ఏ నెల, ఏ బస్సు అని మీద పడిపోయేవాడు. ఇప్పుడు గొంతు లేదు. గ్లాసెడు నీళ్ళు తాగాడు. మెల్లిగా తుడుచుకున్నాడు. అంతసేపూ ఆవిడ ఆయన ముఖంకేసే చూస్తోంది. హాల్లో ఎవరూ మాట్లాడలేదు. ఆ ఖాళీ ఆవిడకే భారమైనట్టుంది.

"వస్తడని చెప్పమన్నరు," అంది మళ్ళీ తనే.

ప్రహ్లాద్ దిగ్గున లేచాడు. కూర్చోమని కంట్రోలరు చెయ్యూపాడు. జగన్నాథరావు ఇంకో ప్రశ్న అడగాలి. జవాబు తెలియని ప్రశ్న ఎదుటి సాక్షిని క్రాసులో అడక్కూడదని ఆయనకు తెలియనిది కాదు, జూనియర్లకు ఆయనే చెప్పేవాడు. కానీ ఉన్న కాస్త గొంతుకు సరిపోయేది ఆ ఒక్క ప్రశ్నే.

"గేటు దగ్గర ఏం మాట్లాడారమ్మా?"

ఆవిడ కొంగు సర్దుకుంది.

"పొద్దుమీకినంక పోరగాండ్లొచ్చిన్రు సార్. బయటోళ్ళు కాదు, మా గల్లీ పిల్లలే. సగం మంది మా సారు దగ్గర లెక్కలు నేర్చుకున్నోళ్ళు. అమ్మా, లోపల ఆంధ్రోళ్ళున్నరా అన్నరు. లేరు, ఊరికి పోయిన్రు అన్న. నమ్మలే. సారు మీద ఒట్టేస్తవా అమ్మా అని అడిగిన్రు. ఏసిన. ఒట్టేసినంక ఒక్కడు గూడ ఇంకో మాట అడగలే. నాకు దండం పెట్టి పోయిన్రు."

వెనక బెంచీ మీద సుబ్బులు పక్కన కూర్చున్న జోగారావు తల పైకెత్తాడు. ఆ రోజు ప్లీడరు గదిలో తను పూర్తి చెయ్యలేకపోయిన మాట అదే. తరవాత వాళ్ళు ఊరికే వెళ్ళిపోయారండీ, ఎందుకు వెళ్ళిపోయారో మాకు తెలియలేదు అని ఆనాడు చెప్పబోయాడు.

జగన్నాథరావుకూ అది అప్పుడే తట్టింది. 'తరవాత' అన్న దగ్గర ఆ మనిషి ఆగిన సంగతి, ఆపింది తనే అన్న సంగతి.

"పిల్లలడిగేది తప్పని నేనంటలేను," అంటోంది విద్యావతి. "మా నౌకరీలు మాకు రావాలంటున్నరు, అది న్యాయమే. గని నా ఇంట్ల కిరాయికున్నోళ్ళు ఏం జేసిన్రు? మా సారు జిందగీల అబద్ధమాడలే. ఆయన పేరు పెట్టి నేను ఆడిన. ఆ ఫోటో దిక్కు చూస్తే నాకు అన్నం సయిస్తలేదు. ఆ పిల్లలు మళ్ళొస్తే ఏం చెప్పాలె? ఇంకోపారి ఆ ఒట్టు నా నోట రాదు. ఉన్నరు అంటే ఆ చిన్నపిల్లలకు ఏమన్న అయితది. అందుకే వీళ్ళను పొమ్మన్న."

"ఈ మాట వాళ్ళకు చెప్పలేదేమమ్మా?" కంట్రోలరే అడిగాడు.

"చెప్తే పిల్లలు జడుసుకుంటరని చెప్పలే. చేసింది చెప్పుకున్నట్లు అయితది గూడ. వకీల్ సాబ్‌కు చెప్పబోయిన. ఇవన్నీ ఎందుకమ్మా, నీకు తమ్ముడున్నడా అన్నడు. ఉన్నడు అన్న. చాలు అన్నడు."

ప్రహ్లాద్ తన కాయితాల్లో ఏదో వెతుక్కుంటున్నట్టు తలవంచుకున్నాడు. నిజానికి అతని తప్పూ అంత పెద్దది కాదు. అద్దె ఎగ్గొడితే ఖాళీ చేయించవచ్చు, ఇల్లు పాడుచేస్తే చేయించవచ్చు, సొంతానికి కావాలంటే చేయించవచ్చు. ఒక ముసలావిడకు తను వేసిన ఒట్టు తలుచుకుంటే అన్నం సయించడం లేదని ఖాళీ చేయించే సెక్షను ఏ చట్టంలోనూ లేదు. సెక్షనులో పట్టని మాటను వకీలు వినడు. ఇటు జగన్నాథరావేమో తనకు పనికొచ్చే మాట దొరగ్గానే వినడం మానేశాడు. ఇద్దరూ ఒకటే బాపతు.

సొంత అవసరం అబద్ధమని ఆవిడ నోటే వచ్చింది కనక కేసు గెలిచినట్టే. జగన్నాథరావుకు ముందు తోచింది అదే. ప్లీడరు బుర్ర మరి, అలాగే పనిచేస్తుంది. కంట్రోలరు భోజనాల తరవాత చూద్దామని లేచిపోయాడు. అందరూ వరండాలోకి వచ్చారు. విద్యావతే వాళ్ళ దగ్గరికి వచ్చింది.

"నాకు కౌంటరు చదివి వినిపించిన్రు," అంది. "అల్లరిమూకలతోని చేతులు కలిపిందని రాసున్నది. సారు భార్య గట్లాంటిదని కోర్టు కాయితంల ఎక్కింది. చదువుతుంటే నా పానం పోయినట్లయింది. ఎవరు రాసిన్రు? మీరా, జోగారావుగారూ?"

జోగారావు నేల చూపులు చూశాడు. ఆ మాట తనది కాదని చెప్పుకోవచ్చు. ప్లీడరుగారు పక్కనే ఉన్నాడని మొహమాటం.

"నేను రాశానమ్మా," అన్నాడు జగన్నాథరావు. ఆ కాస్తకే గొంతు మండింది. "ఆయన అలా చెప్పలేదు. ఆయన్ని నేను చెప్పనివ్వలేదు."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. జగన్నాథరావుకు సిగ్గేసింది. ఇన్నేళ్ళ ప్లీడరీలో కేసులు ఓడిపోయాడు, జడ్జీల చేత చివాట్లు తిన్నాడు, కానీ ఎవరి ముందూ ఇలా తలదించుకుని నిలబడలేదు. మధ్యాహ్నం కోర్టు కూర్చోగానే కౌంటరులో ఆ పేరా కొట్టివేయించమని రాసి ఇచ్చాడు. ఎలాగూ గెలిచిన కేసులో ఇంకా అదేం పనని ప్రహ్లాద్ ఆశ్చర్యపోయాడు. ఆ తరవాత జగన్నాథరావుకు గొంతు తిరిగొచ్చింది, అలవాటూ కొంత తిరిగొచ్చింది. కాకపోతే 'అదే, అదే' అని ఒకసారి అన్నాక ఆగి, "తరవాత?" అని అడగడం నేర్చుకున్నాడు. కుసుమ దాన్ని గమనించి కూడా ఏమీ అనలేదు, మళ్ళీ మానేస్తాడేమోనని.

భోజనాల వేళ వరండాలో సంగతి ఇంకా మిగిలి ఉంది. పేరా కొట్టించుకోవచ్చు, కేసు గెలవచ్చు, కానీ రేపు మళ్ళీ గేటు దగ్గరికి గుంపు వస్తే? విద్యావతిగారు అదే అడిగింది.

"కోర్టు ఏమన్న అననియ్యి. మళ్ళొస్తే నేనేం చెప్పాలె?"

అప్పటిదాకా మొగుడి వెనక నిలబడి, గట్టిగా ఒక్క మాటైనా అనని సుబ్బులు ముందుకొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఉన్నారనే చెప్పండి పిన్నిగారూ," అంది. "మమ్మల్ని పిలవండి. మేమూ వచ్చి మీ పక్కన నిలబడతాం. మీరింక ఎవరి మీదా ఒట్టెయ్యొద్దు."

ఈసారి జగన్నాథరావు మధ్యలో అందుకోలేదు. తరవాత విద్యావతి ప్రహ్లాద్ వైపు తిరిగింది.

"వకీల్ సాబ్, ఆ పిటిషను వాపస్ తీసుకో," అంది.