రానివాళ్లను చూసే అవ్వ

గొంతు ఆపరేషన్ తర్వాత నాకు గుసగుస తప్ప మాట రావడం లేదు. పదిహేనేళ్లు మా చర్చిలో పాటలు నడిపించినవాణ్ణి, ఆదివారాలు ఇంట్లోనే ఉండిపోయాను. నాలుగు నెలలైనా ఎవరూ వచ్చి అడగలేదు.

ఆ రోజుల్లో ఒకసారి నిజామాబాద్‌లో రుద్రూర్ బస్సెక్కాను. పక్క సీట్లో ఒక అవ్వ, ఒళ్లో బైబిలు. "ఏ చర్చి అవ్వా?" అని అడిగాను.

ఆమె నా పెదవులకేసి చూసింది. "చెవులు వినబడయి బిడ్డా. నోరు సూసి తెల్సుకుంట. మెల్లగ చెప్పు."

నా మాట కోసం ముఖం చిట్లించని మనిషి చాలా రోజులకు కనిపించింది.

"పాట వినబడదు కదా, మరి చర్చిలో ఏం చేస్తావు?"

"అందరికి ఒక్క పనే ఇస్తడా దేవుడు? పాడేటోళ్లు పాడ్తరు, వండేటోళ్లు వండుతరు. నేను ఎన్కకు కూసోని ఎవరు రాలేదో సూస్త. సోమారం వాళ్లింటికి పోత. గిప్పుడు గట్లనే పోతున్న. నువ్వు చర్చికి పోతలేవా?"

తల అడ్డంగా ఊపాను.

"ఎవరన్న వచ్చి అడిగిండ్రా?"

మళ్లీ అడ్డంగానే ఊపాను. బోధన్‌లో తను దిగేదాకా ఆమె నా చేయి పట్టుకునే కూర్చుంది.

ఆ ఆదివారం చర్చికి వెళ్లి వెనక కూర్చున్నాను. పలకరించినవాళ్లు లేరు. పాట సాగుతుంటే వరసలన్నీ చూశాను. తలుపు పక్కన ఎప్పుడూ కూర్చునే ముసలాయన లేడు. అన్నేళ్లు ఆయన ఎదురుగా నిలబడి పాడాను గానీ, పేరు కూడా తెలియదు. ప్రార్థన అయ్యాక ఆయన ఇల్లు కనుక్కుని వెళ్లాను.