షిప్పొచ్చాక కాదు, శుక్రవారం లోపు

మీ డబ్బు ఎవరూ ఎగ్గొట్టలేదు. మీరే పోగొట్టుకున్నారు. అడగడానికి మొహమాటపడి, అడిగాక రాయించుకోవడానికి సిగ్గుపడి, మూడేళ్లు చేతులారా దాటబెట్టారు. కోపం వచ్చిందా? రానివ్వండి. ఈ తిట్టు నాది కాదు, మా జంగ్లీఘాట్ రేవు పిన్నిది. మొన్న మంగళవారం పొద్దున్నే కొట్టు తెరిచి, తాళ్ల చుట్టలు బయట పెడుతూ పెడుతూ అక్కడే కూలబడి కన్నుమూసింది. ఇక ఆమె నోట వినలేరు కాబట్టి నేను రాస్తున్నాను.

నాకు ఆమె రక్తసంబంధం ఏమీ కాదు, పక్కింటావిడ. వలలు, తాళ్లు, లంగర్లు అమ్మే చిన్న కొట్టు ఆమెది. తిరగేసిన చేపల క్రేటు మీద గోనె మడిచి వేసుకుని కూర్చునేది. వెనక గోడకు క్యాలెండరు, ఆ క్యాలెండరు మేకుకి వల దారంతో కట్టిన ఒక పెన్ను. బియ్యం అడిగితే పెట్టేది, గొడుగు అడిగితే ఇచ్చేది. ఆ పెన్ను మాత్రం ఎవరికీ అరువిచ్చేది కాదు.

ఆ పెన్ను వెనక మా బాబాయి, అంటే పిన్ని భర్త, కథ ఉంది. వడ్రంగి. డెలానీపూర్‌లో ఒక కాంట్రాక్టరు కట్టించిన మూడంతస్తుల ఇంటికి తలుపులన్నీ ఆయన చేసినవే. కూలి అడిగినప్పుడల్లా ఆ పెద్దమనిషిది ఒకటే పాట: "అగ్లా షిప్ ఆనే దో భయ్యా, వచ్చే షిప్పు రానీ, పక్కా ఇస్తాను." వైజాగ్ నుంచి షిప్పు వచ్చేది, సరుకు దిగేది, డబ్బు మాత్రం దిగేది కాదు. మన దీవుల్లో ఇదొక రివాజు. బియ్యం నుంచి పెళ్లి దాకా అన్నీ షిప్పు వచ్చాకే. బాబాయి పోయాక పిన్ని ఒక వకీలు దగ్గరికి వెళ్లింది.

"కాగితం మీద ఎప్పుడైనా ఒప్పుకున్నాడా అమ్మా?"

"నోటితో వందసార్లు ఒప్పుకున్నాడు బాబూ."

"నోటి మాట చెల్లదమ్మా. పని ముగిసి మూడేళ్ల పదకొండు రోజులైంది. మూడేళ్లు దాటాక కోర్టు తీసుకోదు."

పదకొండు రోజులు! "షిప్పులు లెక్కెట్టుకున్నాం గానీ నెలలు లెక్కెట్టుకోలేదురా" అని నాతో అంది ఆ రోజు. ఏడవలేదు. తిరిగి వస్తూ ఒక పెన్ను కొనుక్కొచ్చి మేకుకి కట్టింది.

అక్కడి నుంచి ఆమె పని మొదలైంది. తాపీ మేస్త్రీలు, చేపలమ్మే ఆడవాళ్లు, పడవ ఇంజన్లు బాగుచేసేవాళ్లు, రావలసిన డబ్బు ఉన్న ప్రతివాళ్లూ కొట్టుకొచ్చి పని ముగిసిన తారీఖు చెప్పేవాళ్లు. పిన్ని గడువు తీరే రోజు లెక్కగట్టి క్యాలెండరు మీద సున్నా చుట్టేది. గడువు దగ్గర పడితే ఇవ్వాల్సినవాడిని టీకి పిలిచేది. "ఫలానావారికి ఇంత ఇవ్వాల్సి ఉంది" అని ఒక్క వాక్యం, తారీఖు, సంతకం. గడువు దాటకముందే పెట్టిన ఆ సంతకంతో మళ్లీ కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి. ఇంత చిన్న సంగతి కాంట్రాక్టర్లందరికీ తెలుసు. కూలివాళ్లలో ఎంతమందికి తెలుసు?

నేను ఊరుకునేవాణ్ణి కాదు. ఇది బలిసినవాళ్ల చట్టం, పేదవాడి నోరు నొక్కే గడియారం అని మా కూలివాళ్ల సంఘం మీటింగుల్లో అరిచి, కరపత్రం రాసి, పిన్నికి చదివి వినిపించాను. మొత్తం విని, "అరిసేసినావా? ఇప్పుడు టీ తాగు" అంది. తర్వాత మెల్లగా అంది: "మనమూ బాకీలుంటాం గదరా. పదేళ్ల కిందటి కాయితం అట్టుకుని ఎవుడో గుమ్మంలోకొస్తే, మనకి అడ్డం నిలబడేదీ ఆ గడువే. గడియారం మీద కోపమెందుకు? టైము చూడ్డం నేర్పు." ఆ వాదనలో నేను గెలవలేదు. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోను. కానీ ఆ కరపత్రం మళ్లీ అచ్చు వేయలేదు.

ఫెరార్‌గంజ్ నుంచి కూరగాయలు తెచ్చే వదిన ఒకామె ఉంది. జంగ్లీఘాట్ హోటల్ ఒకదానికి రెండు సీజన్లు బస్తాలకు బస్తాలు అప్పు మీద వేసింది. మూడేళ్ల కిందట పిన్ని ఆ హోటలాయన్ని క్రేటు మీద కూర్చోబెట్టి సమోసా పెట్టింది.

"ఏటి పిన్నీ, నన్ను నమ్మవా?"

"నమ్మకపోతే సమోసా పెడతానేటి నాయినా? నమ్మకం నాకుంది. కోర్టుకి లేదు. రాసియ్యి."

నవ్వుతూనే సంతకం పెట్టాడు. డబ్బు మాత్రం నేటికీ ఇవ్వలేదు. ఆ సంతకం గడువు వచ్చే శుక్రవారంతో ముగుస్తుంది. పోయే ముందు శనివారం పిన్ని నాతో, "వచ్చే వారం ముగ్గురం ఎల్దాం. నువ్వు నోరు మూసుకుని రావాల" అంది.

ఆమె శవం దగ్గరికి అందరికంటే పెద్ద దండ తెచ్చింది ఆ హోటలాయనే. నిజంగానే ఏడ్చాడు, అబద్ధం చెప్పను. కళ్లు తుడుచుకుంటూ వదినతో, "పిన్ని పన్నెండో రోజు వెళ్లనీ దీదీ, తర్వాత మాటాడుకుందాం" అన్నాడు. వదిన తలూపింది. చావింట్లో డబ్బు మాటేమిటని సిగ్గుపడింది. పక్కనే ఉన్న నేను, మైకు దొరికితే వదలని నేను, అదే సిగ్గుతో నేల చూశాను.

ఇంటికొచ్చి లెక్క వేశాను. పన్నెండో రోజు శనివారం. గడువు శుక్రవారం.

మొదట మిమ్మల్ని తిట్టిన తిట్టులో నేనూ ఉన్నాను. అందుకే అడుగుతున్నాను:

హోటలాయనా, శుక్రవారం లోపు వదిన డబ్బు ఇవ్వండి. లేదా ఆ ఒక్క వాక్యం రాసి, తారీఖు వేసి సంతకం పెట్టండి. పిన్ని కోసం మీరు ఏడ్చింది నిజమైతే ఇది కష్టం కాదు.

వదినా, గురువారం సాయంత్రానికి సంతకం రాకపోతే శుక్రవారం కోర్టులో దావా వేయాలి. ఉత్త నోటీసు పంపితే గడువు ఆగదు. వకీలుతో మాట్లాడాను. నేనూ వస్తాను, నోరు మూసుకునే వస్తాను.

సంఘం పెద్దలారా, పని ముగిసిన రోజునే తారీఖు రాసి సంతకం తీసుకోవడం ప్రతి కూలివాడికీ నేర్పండి. తెలుగు రాయడం రాని కుర్రాళ్లుంటే హిందీలోనే రాయించండి.

చదువుతున్న మీరు, మీకు రావలసినదాని తారీఖు ఇవాళే వెతకండి.

పిన్ని కొట్టు ముందు క్రేటు ఖాళీగా ఉంది, గోనె ఇంకా మడిచినట్టే ఉంది. ఎవరో ఒకరు వచ్చి కూర్చోండి. సముద్రం గాలికి పెన్ను ఊగుతూ, సున్నా చుట్టిన శుక్రవారానికి తగులుతోంది.