పదమూడో చోటు

కెనడాలోని ఎడ్మంటన్‌లో మా రగ్బీ లీగ్ క్లబ్‌ను ఇన్నేళ్లూ మోసుకొచ్చిన అంకుల్ మొన్న మంగళవారం ఆసుపత్రిలో పోయారు. "అంకుల్ ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు అబ్బాయ్" అని ఆంటీ ఫోన్ చేసినప్పుడు వేర్‌హౌస్‌లో పెట్టెలు సర్దుతున్నాను. షిఫ్ట్ అయ్యేదాకా సర్దుతూనే ఉన్నాను. అందుకు సిగ్గుపడుతున్నాను.

క్లబ్ పెట్టింది ఆయన కాదు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన తాపీమేస్త్రీలు ఎప్పుడో పెట్టుకున్నారట. కాకినాడ నుంచి నర్సుగా వచ్చిన అంకుల్, వాళ్ల మోకాళ్లకు కట్లు కట్టడానికి వెళ్లి అక్కడే ఉండిపోయారు. మేస్త్రీలు ముసలివాళ్లయ్యారు, వాళ్ల పిల్లలు హాకీకి పోయారు. ఇక మూసేద్దామనుకుంటున్న రోజుల్లో కాలేజీలు మా తెలుగు కుర్రాళ్లతో నిండాయి. చర్చి భోజనాల దగ్గర మా భుజాలు చూసి, "కబడ్డీ ఆడావా అబ్బాయ్?" అని అడిగేవారు. అవునన్నవాడు శనివారానికి మైదానంలో ఉండేవాడు.

మొదటి మ్యాచ్‌లో నల్గొండ కుర్రాడొకడు నలుగురిని తప్పించుకుని అవతలి గీత దాటాడు. బంతిని అక్కడ నేలకు ఆనించాలన్నది మరచి, కూతకు వెళ్లినవాడిలా తిరిగి మా వైపుకే పరిగెత్తుకొచ్చాడు. అంకుల్ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వి, "క్షేమంగా ఇంటికొచ్చావు నాయనా, అదే చాలు" అన్నారు. దెబ్బ తగిలి పడ్డవాణ్ణి "ఎముకకా, పరువుకా?" అని అడిగాకే ఐస్ పెట్టేవారు.

ఓడిపోతే ఏమీ అనేవారు కాదు. మనిషి తగ్గితేనే ఆయనకు దిగులు. మా లీగ్‌లో పదమూడు మంది లేకపోతే ఆట లేదు. రెండుసార్లు అలా జరిగితే క్లబ్ పేరే కొట్టేస్తారు.

ఈ ఏడాది వర్క్ పర్మిట్లు అయిపోయి కొందరు ఇళ్లకు వెళ్లిపోయారు. నెల క్రితం నేను ఓవర్‌టైమ్‌కు ఆశపడి మ్యాచ్ ఎగ్గొట్టాను. అరవై మూడేళ్ల అంకుల్ నా జెర్సీ వేసుకుని దిగారట. "నాకు బంతి ఇవ్వకండ్రా, ఊరికే నిలబడతాను" అన్నారట. ఆ రోజు నుంచే ఆయాసం. ఆసుపత్రికి వెళ్లి, ఎందుకు దిగారని అడిగాను.

"నీ చోటు ఖాళీగా ఉంచుతామా రా?" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆయన మంచం మీద ఉండగానే మనుషులు చాలక ఒక మ్యాచ్ పోయింది. శుక్రవారం భూస్థాపన, శనివారం రెండో మ్యాచ్. నలభై మందికి ఫోన్ చేశాను. "అన్నా, షిఫ్ట్ ఉందే." "నేను బ్రాంప్టన్‌కి మూవ్ అయిపోయా కదన్నా." బతిమాలాను, తిట్టాను, చివరికి ఫోన్‌లోనే ఏడ్చాను.

శనివారం రెఫరీ గడియారం చూసుకుంటున్నాడు. తెల్ల చీర మీద అంకుల్ కోటు తొడుక్కుని ఆంటీ వచ్చారు. వరుసలో నిలబడ్డ మమ్మల్ని వేలితో లెక్కపెట్టారు. తొమ్మిది దగ్గర వేలు ఆగింది. మళ్లీ మొదటివాడి దగ్గర నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టారు.