కుట్టు నేర్పిన కిరాయిదారు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది మహబూబాబాద్‌లో రెంట్ కంట్రోలర్ ముందు నడిచిన కేసు ఇది. అద్దె తగాదాల్లో కిరాయిదారు ఉండాలో, ఖాళీ చేయాలో తేల్చే అధికారి ఆయన. నేను కిరాయిదారు యాకమ్మ తరఫు వకీలును. స్టేషన్‌కు దగ్గరలో సోమయ్య ఇంటి ముందున్న మల్గిలో, అంటే దుకాణం గదిలో, ఆమె చాలాకాలంగా బట్టలు కుట్టేది. కిరాయి ఎన్నడూ ఆపలేదు.

భర్త చనిపోయి పుట్టింటికి వచ్చిన తన కూతురు స్వప్న అక్కడ టైలరింగ్ షాపు పెట్టుకుంటుందని, మల్గి ఖాళీ చేయించమని సోమయ్య పిటిషన్ వేశాడు. చట్టంలో దీన్ని ‘బోనఫైడ్ రిక్వైర్‌మెంట్’ అంటారు. అంటే యజమాని చెప్పే అవసరం సాకు కాకూడదు, నిజమై ఉండాలి. ఆ అమ్మాయికి కుట్టుపని రాదని తేలితే కేసు మాదే అనుకున్నాను.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించేటప్పుడు, స్వప్నను అడిగాను.

“కుట్టు ఎక్కడ నేర్చుకున్నారు?”

“గా మల్గిలనే సార్.”

“ఎవరు నేర్పారు?”

ఆమె నా వెనక కూర్చున్న యాకమ్మ వైపు చూసింది. “అక్కనే నేర్పింది.”

వరండాలోకి రాగానే యాకమ్మను అడిగాను. “గిది నాకు ముందుగాల ఎందుకు చెప్పలేదమ్మా?”

“మీరు కిరాయి సంగతే అడిగిన్రు సార్. గా పిల్ల మొగడు పోయినంక పొద్దంత గోడకు ఆనుకొని కూసునేది. సూడలేక మిషిన్ మీద కూసోబెట్టిన.”

తర్వాతి వాయిదాకు యాకమ్మ బోనెక్కింది. స్వప్నకు జాకెట్ కుట్టడం వచ్చా అని సోమయ్య వకీలు అడిగాడు. ఏదో కొద్దిగా వచ్చు అంటుందని నేను ఎదురుచూశాను.

“వస్తది సార్. నాకంటె సాఫ్‌గ కుడ్తది. గని నేను యాడికి పోవాలె?”

రెండో మాట అడిగినదానికి జవాబు కాదు కనుక రికార్డులోకి ఎక్కలేదు.

ఖాళీ చేయమనే తీర్పు వచ్చింది. అప్పీలు వేద్దామన్నాను.

“ఒద్దు సార్. గా పిల్లతోటి ఇంకెంత కొట్లాడాలె?” అంది యాకమ్మ.

కూరగాయల మార్కెట్ వెనక సందులో చిన్న గది చూసుకుంది. సామాన్లు తీసేనాడు మిషన్ ఒక పక్క ఆమె, ఇంకో పక్క స్వప్న పట్టి ఆటోలోకి ఎక్కించారట.

ఇప్పుడు కిరాయి కేసు ఏది వచ్చినా, కాగితాలు చూడకముందే యజమాని, కిరాయిదారుల ఇళ్ల మధ్య రాకపోకలు ఎట్లా ఉన్నాయో అడుగుతాను. జవాబు విన్నాక కొన్నిసార్లు కోర్టుకు పోకుండా ఇద్దరినీ పిలిచి కూర్చోబెడతాను. యాకమ్మ ఖాళీ చేసిన మల్గిలో రెండు మిషన్లకు సరిపడా జాగా ఉంది. కేసు నడిచినన్నాళ్లూ ఆ సంగతి మా ఇద్దరు వకీళ్లలో ఎవరమూ ఎత్తలేదు.