తలుపు దగ్గర నిలబడ్డ సాక్షి

మొన్న ఆర్మూరులో మందుల దుకాణం ఆయన గోళీల పట్టీని కత్తిరించి చేతిలో పెట్టాడు. జేబులో వేసుకుంటుంటే దాని మూల వేలికి గుచ్చుకుంది. ఆ చిన్న పోటుకే నేను దుకాణం మెట్ల మీద కూర్చుండిపోయాను. ఖాదర్ డాక్టర్ సాబ్ ఉంటే ఆ పట్టీని వెనక్కి ఇప్పించేవారు.

ఖతార్‌లో ప్రపంచకప్ కోసం స్టేడియాలు లేస్తున్న రోజులవి. దోహా శివార్లలో, మెసైమీర్ అవతల మా కంపెనీ క్యాంపులో చిన్న క్లినిక్ ఉండేది. సాబ్ అక్కడ డాక్టరు, నేను కట్లు కట్టే డ్రెస్సర్‌ని. హైదరాబాద్‌లో ఆయన పేరున్న సర్జన్. చేతులు వణకడం మొదలయ్యాక కత్తి పక్కన పెట్టి, జ్వరాలు చూసే ఈ ఉద్యోగానికి వచ్చారు. నేను చేరిన కొత్తలో ఎవరికో గోళీలు కత్తిరించి ఇస్తే, ఆ ముక్కను తిరిగి తీసుకుని, వణికే చేతులతోనే నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించారు. “పనిల వంగుతరు, లేస్తరు. జేబుల గుచ్చుకుంటది. మందు ఇచ్చేటోడే గాయం చేస్తె ఎట్ల నర్సింలూ?” అన్నారు. మూలలు తీసి ఇవ్వడం నాకూ అలవాటైంది. ఇంకెక్కడా ఎవరూ అలా ఇవ్వగా చూడలేదు.

శుక్రవారం మధ్యాహ్నం తిండి అయ్యాక మెస్‌లో సాబ్ కథ చెప్పేవారు. బహమనీ సుల్తానుల కాలం నాటి హత్య కథ. ఆయనే కల్పించి వారం వారం సాగదీసేవారు. కోట కట్టే చోట ఒక మేస్త్రీ గోడ కింద చచ్చి పడి ఉంటాడు. కాలు జారి పడ్డాడని అందరూ అంటారు. సైన్యంలో గాయాలు కుట్టే జర్రాహ్, అంటే ఆ కాలపు సర్జన్, వచ్చి శవం అరచేతులు చూస్తాడు. ప్రాణంతో పడేవాడు చేతులు ముందుకు చాపుతాడు, చర్మం గీరుకుపోతుంది. ఈ మేస్త్రీ చేతులకు గీత కూడా లేదు. పడకముందే చంపేశారన్నమాట. అయితే ఎవరు? మావాళ్లు పళ్లాలు కడుక్కోకుండానే వాదించుకునేవారు.

“ఆ కోట సుబేదారే సాబ్. వాని మీసం జూస్తెనే తెలుస్తలేదా?” అనేవాడు గంగాధర్. ఇనుప చువ్వలు కట్టే పని అతనిది, కోరుట్ల దగ్గర ఊరు.

“మీసం ఉన్నోళ్లంతా ఖూనీకోర్లయితే ఈ మెస్‌ల సగం మంది జైలుకు పోవాలె మియా. నువ్వు ముందు,” అనేవారు సాబ్.

ఆ గంగాధరే ఒక ఉదయం డ్యూటీ బస్సు ఎక్కేముందు క్లినిక్‌కు వచ్చాడు. ఛాతీలో మంట అన్నాడు. ముఖమంతా చెమట. ఆ ఎండల్లో ఎవరి ముఖానికి చెమట లేదు? సాబ్ పక్క గదిలోనే ఉన్నారు, లేపి చూపించాల్సింది. బయట వరుస పెద్దదిగా ఉంది, నాకు విసుగ్గా ఉంది. “గ్యాస్ అయి ఉంటది, యల్లా, నడువ్, బస్సు పోతది,” అని గోళీలు కత్తిరించి ఇచ్చి పంపాను.

మధ్యాహ్నం కాకముందే సైట్ నుంచి ఫోను, గంగాధర్ పడిపోయాడని. సాబ్ పరుగెత్తారు, వెనుక నేను. ఆయన అతని అంగీ గుండీలు విప్పి ఛాతీ మీద ఒత్తుతుంటే జేబులోంచి గోళీల ముక్క జారి ఇసుకలో పడింది. మూలలు గుండ్రంగా ఉన్నాయి. సాబ్ దాన్ని చూశారు. ఒత్తడం ఆపలేదు. గంగాధర్ లేవలేదు.

ఆ సాయంత్రం క్యాంప్ బాస్ ముందు సాబ్ నన్ను అడిగారు. “నర్సింలూ, గంగాధర్ పొద్దున మన దగ్గరికి వచ్చిండా?”

“రాలే సాబ్,” అన్నాను.

వచ్చాడనీ, తప్పు తన క్లినిక్‌దేననీ సాబ్ కంపెనీకి చెప్పారు. నా పేరు ఎత్తలేదు. కానీ రాలేదన్న మాటే అందరికీ అనుకూలమైంది. ఊరికి ఫోన్ చేసినవాళ్లు అదే చెప్పారు: దవాఖానకు పొమ్మన్నా పోలేదట, మొండివాడట.

శవం ఊరికి చేరాక వచ్చిన శుక్రవారం సాబ్ కథలో ఒక్క అడుగే వేశారు. హత్యను కళ్లారా చూసిన భిస్తీ, కోటలో నీళ్లు మోసేవాడు, జర్రాహ్ ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అంతే. “మరి చెప్పిండా సాబ్?” అని అడిగారు మావాళ్లు. “తలుపు తీసే ఉంది. వాడే చెప్పాలె,” అన్నారు. నా వైపు చూడలేదు. పై వారమూ అదే, ఆ పై వారమూ అదే. “గంతసేపు నిలబడితె వాని కాళ్లు గుంజవా?” అని ఎవరో నవ్వారు. “గుంజుతయి బేటా, శానా గుంజుతయి,” అన్నారు సాబ్. మెల్లగా జనం రావడం మానేశారు. ఖాళీ బల్లల మధ్య ఆయన ఒక్కరే కాసేపు కూర్చుని వెళ్లేవారు. నేను ఆ వేళకు బట్టలు ఉతుక్కునేవాణ్ని.

కంపెనీ ఆయన కాంట్రాక్టు మళ్లీ రాయలేదు. వెళ్లే రోజు నా చెయ్యి పట్టుకుని, “చేతికి పని నేర్పిన. నా వల్ల అయింది అంతే,” అన్నారు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. సూట్‌కేసు కారులో పెట్టాను. కొంతకాలానికి హైదరాబాద్‌లో పోయారని తెలిసింది. హంతకుడు ఎవరో మాలో ఎవరికీ తెలియదు.

నేను ఇంటికి వచ్చేశాక కోరుట్ల వైపు వెళ్లాను. గంగాధర్ భార్య సుజాత అరుగు మీద బీడీలు చుడుతోంది. నేనెవరో చెప్పుకుని, నిలబడే ఉండి జరిగింది చెప్పాను. క్లినిక్‌కు వచ్చాడనీ, గోళీలిచ్చి పంపేసింది నేననీ, రాలేదని అబద్ధమాడింది కూడా నేనేననీ.

ఆమె చేతిలో ఆకు ఆగింది.

“దవాఖానకు పోయిండా?”

“పోయిండమ్మా. నేనే...”

“ముందటి రోజు ఫోన్‌ల ఒట్టు పెట్టించుకున్న, తెల్లారంగనే దవాఖానకు పోవాలెనని. పోలేదన్నరు. నా ఒట్టుకు గంత గూడ ఇలువ లేదా అని ఇన్నేండ్లు ఆ ఫోటోకు దండ గూడ ఎయ్యలేదు అన్నా.” కొంగుతో మొహం తుడుచుకుంది. “పోయిండన్నట్టు.”

నన్ను తిట్టలేదు. కూర్చోమనీ అనలేదు. క్షమించమని అడిగే మాట నా నోటి దాకా వచ్చి ఆగిపోయింది, అడిగితే దానికి కూడా ఆమే జవాబు చెప్పుకోవాలి. బస్టాండు దాకా నడుస్తుంటే ఒకటి తెలిసింది. నేను నోరు మూసుకుని కాపాడుకున్నది నా ఉద్యోగాన్ని అనుకున్నాను. కానీ అన్నాళ్లూ నా మీదికి రావాల్సిన కోపాన్ని ఆమె చచ్చిపోయిన మొగుడి మీద మోసింది. ఆ రోజు దించింది. ఇప్పుడది నా దగ్గర ఉంది.