రూతక్క ల్యాబ్‌లో ఎర్ర పట్టీ

ఈ పొద్దున ల్యాబ్ తలుపు తీసి మొదటి కంప్యూటర్ ఆన్ చేయగానే కీచుమని బీప్ మోగింది. తెర పైఅంచున ఎర్ర పట్టీ, దాని నిండా తప్పుల చిట్టా. మూసెయ్యబోయిన నా చెయ్యి అంతలోనే ఆగిపోయింది. నరసరావుపేటలోని ఈ కాలేజీలో నాకు ముందు ల్యాబ్ ఇన్‌చార్జిగా ఉన్న రూతక్క గుర్తొచ్చింది. ఆమె గుర్తొచ్చిన ప్రతిసారీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

రూతక్కది బొల్లాపల్లి. నేను ఆమె కింద అసిస్టెంటుగా చేరేనాటికి ఇక్కడున్నవన్నీ ముసలి కంప్యూటర్లే. కొత్తవి కొనమంటే కాలేజీ నడిపే కరస్పాండెంటు వినడు. అందుకని ఆమె వాటిల్లో విండోస్ బదులు ఊరికే దొరికే లినక్స్ ఎక్కించి, ఒక తేలికపాటి విండో మేనేజర్ పెట్టింది. తెర మీద ఏ కిటికీ ఎక్కడ తెరుచుకోవాలో, ఏ మీట నొక్కితే ఏం జరగాలో చూసుకునే ప్రోగ్రాం అది. దాని సెట్టింగులన్నీ ఒక్క ఫైల్లో ఉంటాయి. అందులో తప్పుంటే ఆన్ చేయగానే ఎర్ర పట్టీ వస్తుంది. మొదట్లో అది కనబడితే భయపడి గబుక్కున మూసేసేదాన్ని.

"మూయబాకే! అదేమన్నా నిన్ను కరుసుద్దా? పైనుంచి చదువు. మొదటి తప్పు దిద్దితే కిందవి సగం అయ్యే పోతాయ్," అనేది రూతక్క.

కాలేజీకి తనిఖీ వస్తుందనగా నాకు బుద్ధి గడ్డి తిన్నది. కరస్పాండెంటు కంట్లో పడాలని, నెట్‌లో దొరికిన అందమైన సెట్టింగేదో ఆమెకు చెప్పకుండా మొదటి కంప్యూటర్ ఫైల్లో అతికించాను. ఒకసారి ఆన్ చేసి చూసుకోవాలన్న ఇంగితం కూడా లేకపోయింది. ఆ సాయంత్రం ఎప్పటిలాగే ఆమె ఆ ఫైలును మిగతా వాటన్నిటికీ కాపీ చేసింది. మర్నాడు తనిఖీవాళ్ల ముందు ల్యాబ్ మొత్తం ఎర్ర పట్టీలే.

రూతక్క పైనుంచి చదివింది. ఒకే మీటకు రెండు పనులు అప్పజెప్పిన వరుసలు అవి.

"ఇది నువ్వేమన్నా ముట్టుకున్నావా?" నెమ్మదిగా అడిగింది.

"లేదక్కా," అన్నాను.

ఐదు నిమిషాల్లో సరిచేసింది. కానీ కరస్పాండెంటు అప్పటికే మండిపడుతున్నాడు. "ఊరికే దొరికే చెత్తంతా ఎక్కిస్తే ఇట్టాగే ఏడుసుద్ది! ఎవరు చేశారమ్మా ఇది?"

"ల్యాబ్ నాది సార్. తప్పూ నాదే," అంది రూతక్క.

నెల తిరక్కుండా ఆమెను తీసేసి, ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టాడు. నేను సిగ్గులేకుండా స్వీట్లు కూడా పంచాను.

రెండేళ్ల తర్వాత మాచర్ల బస్టాండు దగ్గర ఒక జిరాక్స్ షాపులో ఆమె కనిపించింది. ఎవరివో పాస్‌బుక్కు కాపీలు తీస్తోంది. ఉండబట్టలేక, "ఆ రోజు అది చేసింది నేనే అక్కా," అన్నాను.

"తెలుసు," అంది తలెత్తకుండా.

"మరి సార్‌కి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్తావేమోనని చూశా. చానా రోజులు చూశా. ఇప్పుడు నాకు చెప్పి ఏం లాభం? పక్కకి జరుగు, జనం ఉన్నారు."

పక్కకు జరిగాను. క్షమించానని ఆమె అనలేదు, అనమని అడిగే మొహం నాకు లేదు. ఆమె నేర్పిన పనితోనే ఇప్పటికీ బతుకుతున్నాను. తప్పు ఏ వరుసలో ఉందో ఇట్టే పట్టేస్తానని స్టూడెంట్లు మెచ్చుకుంటారు. ఒక్క "అవునక్కా" అనడానికి నోరు రాక ఆ మనిషి బతుకు మీద కొట్టానని వాళ్లకు తెలియదు.